శ్రావణి బ్యాగుకి వేలాడే ట్యాగు

మా చిన్నప్పుడు... నాచారంలో మేం అద్దెకున్న ఇంటి మెట్ల మీద శ్రావణి రోజూ స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వాళ్ళది పై వాటా, ఓనర్లు. మాది కింది వాటా. ఇద్దరం ఐదో తరగతి, వెళ్ళేది ఒకే ఆటోలో.

ఆ బ్యాగుకి ఒక కాగితం ట్యాగు వేలాడేది. దసరా సెలవుల్లో వాళ్ళు విమానంలో ముంబై వెళ్ళొచ్చినప్పటిది. అప్పట్లో ఎయిర్‌పోర్టులో చేతి సంచులకి కూడా ట్యాగు కట్టేవాళ్ళు... తనిఖీ అయ్యాక దాని మీద స్టాంపు గుద్దేవాళ్ళు. ఆ స్టాంపు ఉంటేనే విమానం ఎక్కనిచ్చేవాళ్ళు. దిగాక దానితో పని లేదు. కానీ శ్రావణి తీస్తేగా! వానకి తడవకుండా సెల్లోటేపు కూడా అంటించింది.

ఎవరైనా దగ్గరికెళ్తే చాలు... "ముట్టకే, స్టాంపు పోతది" అనేది.

నాకు కడుపు రగిలిపోయేది. అబద్ధం ఎందుకు, ఒకరోజు ఆటోలో ఆ దారం తెంపేద్దామని వేలు కూడా పెట్టాను. ధైర్యం చాలలేదు. ఇంటికొచ్చి, చాటలో బియ్యం చెరుగుతున్న అమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను.

"గదేముందే, కాగితమే గద" అంది అమ్మ. కాగితమే... కానీ నా బ్యాగుకి లేదు కదా!

వేసవిలో నా పంట పండింది. ఢిల్లీలో ఉద్యోగం చేసే మా మేనమామ, నెల రోజులు ఉండిపొమ్మని మా నలుగురికీ విమానం టికెట్లు పంపాడు. అమ్మ సూట్‌కేసులో నా బట్టలు పెడుతుంటే లాక్కొచ్చి స్కూలు బ్యాగులో కుక్కుకున్నాను. ఆ బ్యాగే నాతో రావాలి మరి...

మా నాన్న నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. లేటుగా వచ్చినవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టే మనిషి. పదకొండింటి విమానానికి పొద్దున ఆరింటికే ఉప్పల్ రింగురోడ్డులో మమ్మల్ని బస్సెక్కించాడు.

తనిఖీ దగ్గర ఆడవాళ్ళ లైను వేరు, మగవాళ్ళ లైను వేరు. నేనూ అమ్మా పది నిమిషాల్లో బయటపడ్డాం. నాన్నా తమ్ముడూ గంటసేపు నిలబడ్డారు. బెల్టు తీస్తే నిక్కరు జారిపోతుందని తమ్ముడు ఒకటే ఏడుపు. నేను వాళ్ళ వైపు చూడనే లేదు. నా ట్యాగు మీద పడిన స్టాంపునే చూసుకుంటున్నాను. శ్రావణిదాని కన్నా నల్లగా, నిండుగా పడింది.

తీరా చూస్తే విమానం మూడు గంటలు లేటు. కుర్చీలు ఖాళీ లేక కిందే కూర్చున్నాం. పోయేవాళ్ళ కాళ్ళూ పెట్టెల చక్రాలూ నా ట్యాగుని రాసుకుంటూ పోతున్నాయి. ఒక మూల అప్పుడే మడత పడింది. నెల తర్వాత నాచారం చేరేసరికి ఇక ఏం మిగులుతుంది? ఎవరూ చూడకుండా దారం విప్పి, ట్యాగుని డ్రాయింగ్ పుస్తకంలో దాచేశాను.

చివరికి మమ్మల్ని పిలిచారు. గేటు దగ్గరున్న అమ్మాయి నా బ్యాగు చూసి ట్యాగేది అంది. మళ్ళీ తనిఖీ చేయించుకుని స్టాంపు వేయించుకు రావాలి, టైము లేదు, తొందరగా వెళ్ళమంది.

ఒక్క మాట చెప్తే అయిపోయేది. కానీ ఆ అమ్మాయి అందరి బోర్డింగ్ కార్డులూ చింపి పెద్ద ముక్క తన దగ్గరే పెట్టుకుంటోంది... నా ట్యాగు కూడా లాగేసుకుంటుందని భయం. నోరు మూసుకున్నాను. విమానం పోతే పోనీ అనుకున్నాను. అంత కుళ్ళు నాది!

అమ్మనీ తమ్ముణ్ణీ గేటు దగ్గరే ఉంచి, నాన్న నా చెయ్యి పట్టుకుని పరిగెత్తాడు. "జర పోనియ్యి అన్నా, విమానం పోతది" అంటూ లైన్లో ఒక్కొక్కరినీ బతిమాలుతున్నాడు. నాన్న ఎవరినైనా బతిమాలడం నేను చూడటం అదే మొదటిసారి.

తనిఖీ చేసే సారు బ్యాగంతా బల్ల మీద కుమ్మరించాడు. డ్రాయింగ్ పుస్తకంలోంచి ట్యాగు జారి పడింది. ఇది ఎవరు తీశారని హిందీలో గద్దించాడు. నాన్న ట్యాగుని చూశాడు... నన్ను చూశాడు.

"మైనే నికాలా సాబ్... ఫట్ జాతా బోల్‌కే" అన్నాడు. చినిగిపోతుందని నేనే తీశాను అని!

అంతమందిలో ఆ సారు నాన్నని కడిగేశాడు. చదువుకున్నవాడివేనా, ఇదేమైనా ఆటనుకున్నావా అని. నాన్న తలొంచుకుని అన్నీ విన్నాడు. చివరికి కొత్త ట్యాగు కట్టి, స్టాంపు గుద్ది పొమ్మన్నారు. అందరికన్నా ఆఖర్న విమానం ఎక్కాం.

సీట్లో కూర్చున్నాక నాన్న మెల్లగా అడిగాడు, "ఎందుకు తీసినవ్ బిడ్డా?"

శ్రావణి సంగతి మొత్తం చెప్పేశాను. ఇక దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. బల్ల మీద నుంచి ఎప్పుడు తీసుకున్నాడో, జేబులోంచి ఆ పాత ట్యాగు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగో... ఇప్పుడు నీకు రెండు. ఆ పిల్లకు ఒక్కటే" అన్నాడు.

జూన్‌లో రెండూ తగిలించుకునే స్కూలుకెళ్ళాను. శ్రావణి మొహం మాడిపోయింది. నాకు మస్తు సంతోషమేసింది, దాచను.

ఇప్పుడు ఆ ట్యాగులూ లేవు, స్టాంపులూ లేవు. కెమెరాకి మొహం చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. లైన్లు మాత్రం అలాగే ఉన్నాయి, లేట్లూ అలాగే ఉన్నాయి.

మొన్న మేం ముగ్గురం ఊరెళ్తుంటే మా పాప నాకన్నా ముందే తనిఖీ దాటేసింది. మగవాళ్ళ లైన్లో ఇంకా వెనకెక్కడో ఉన్న మా ఆయన్ని చూసి "డాడీ! నేనిక్కడున్నా!" అని అరిచింది. ఆయన చెయ్యి ఊపాడు. అంతే... కన్నకూతురి మీదే నాకు కుళ్ళొచ్చింది. మా నాన్న పోయి నాలుగేళ్ళు. అలా పిలుద్దామంటే ఏ లైన్లోనూ లేడు.

మీరు చేసిన తప్పుని మీ నాన్న తన నెత్తినేసుకున్న రోజు మీకూ ఒకటి ఉండే ఉంటుంది... కింద రాయండి, అన్నీ చదువుతాను. "ఇప్పుడు పక్క గదిలోనే ఉన్నాడు, పేపరు చదువుతున్నాడు" అని రాసేవాళ్ళకి మాత్రం ముందే చెప్తున్నా... మీ మీద కుళ్ళుకుంటాను.