చీటీలో తేలిన వార్డు

గద్వాలలో చీరలు నేసే ఇళ్ల గల్లీలో మాలతిని కౌన్సిలరమ్మ అని పిలవబట్టి ఆరేళ్లయింది. అంతకుముందు ఆమె వెంకట్రాములు భార్య, అంతే. వార్డు ఆడవాళ్లకు రిజర్వ్ అయినప్పుడు కులపెద్దలు ఇంటికొచ్చి వెంకట్రాములును అడిగారు, ఆమెను కాదు. ఆమె సంతకం పెడితే చాలన్నారు. మాలతి గెలిచింది. గెలిచాక, సంతకం పెట్టే ముందు కాగితం చదవడం అలవాటు చేసుకుంది. తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

అప్పట్లో ప్రతి వానకూ మురుగు ఇళ్లలోకి వచ్చి మగ్గం గుంటలు నిండేవి. కాళ్లు పెట్టుకుని నేయాల్సిన చోట మోకాటిలోతు నల్లనీళ్లు. వారం దాకా నేత బంద్. మాలతి రెండేళ్లు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి కాలువ మంజూరు చేయించింది. తీరా కొలతలు వేస్తే పదకొండు ఇళ్ల అరుగులు అడ్డం వచ్చాయి. అందులో ఒకటి ఆమె తోడికోడలు శాంతమ్మది. దగ్గరుండి అన్నీ తీయించింది. కాలువ పడింది, గుంటల్లోకి మళ్లీ నీళ్లు రాలేదు. కానీ మంజూరైంది అంతవరకేనని గల్లీ చివర, కూలికి పోయేవాళ్ల ఇళ్ల ముందు, ఇరవై గజాలు వదిలేశారు. పైనుంచి వచ్చే మురుగంతా ఇప్పుడు అక్కడే నిలుస్తుంది.

పదవీకాలం అయిపోయాక ఏడాది పైనే ఎన్నికలు లేవు. అయినా నల్లా రాకపోతే, వీధిదీపం వెలగకపోతే, ఇంట్లో మనిషి పోయి సర్టిఫికెట్ కావాల్సొస్తే జనం మాలతి తలుపే కొట్టారు. చేతిలో ఏ అధికారమూ లేకున్నా లేచి వెళ్లేది. మోకాళ్లు అరిగాయి. ఈసారి నిలబడనని భర్తతో చెప్పేసింది కూడా.

అప్పుడు భాగ్యమ్మ వచ్చింది. గల్లీలో ఆఖరి ఇల్లు ఆమెది, పత్తి ఏరడానికి పోతుంది. గడప దగ్గర కూర్చుని, "మా ముందట మురుగు నిలవడ్డది నువ్వేసిన కాలువతోనే గదా మాలతక్కా. నువ్వే తియ్యాలె" అంది. తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే. మర్నాడు మాలతి నామినేషన్ వేసింది.

ఓటడగడానికి శాంతమ్మ ఇంటికీ వెళ్లక తప్పలేదు. శాంతమ్మ కూర్చోమని మంచినీళ్లిచ్చింది.

"గుంటల నీళ్లొస్తున్నయా అక్కా?" మాలతి అడిగింది.

"లేదు. నీ పుణ్యం."

"మరి ఓటు..."

"పెండ్లయి వచ్చినకాడికెల్లి ఆ అరుగు మీదనే కూసొని నూలు కండెలు చుట్టిన. నువ్వు గూడ నా పక్కనే కూసుంటుంటివి. జర ఒక్క మాట అడిగి తీపియ్యకపోతివి. కోపమేం లేదు మాలతీ. ఓటు మాత్రం ఎయ్య."

అడగలేదన్న మాట నిజమే. అడిగితే ఒప్పుకోదని భయపడి, శాంతమ్మ నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గరికి వెళ్లిన రోజు చూసి ఆ అరుగు తీయించింది. మాలతి నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, పక్కింటికి వెళ్లింది.

ఓట్ల లెక్కింపు నాడు ఆమెకూ, కుట్టుమిషన్ పని చేసుకుంటూ మొదటిసారి నిలబడ్డ రేణుకకూ చెరి నాలుగు వందల పన్నెండు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. ఎవరి పేరు వస్తే వాళ్లే గెలిచినట్టని అధికారి రెండు చీటీలు రాసి, మడిచి, డబ్బాలో వేసి ఊపాడు. మాలతి కళ్లు మూసుకుంది. ఏమని మొక్కుకుంటున్నదో ఆమెకే తెలియలేదు.

రేణుక పేరు వచ్చింది.

ముందు ఒళ్లంతా తేలికైంది. ఇక పొద్దున్నే ఎవరూ తలుపు కొట్టరు. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఏడుపు రెండోది అయినందుకు తన మీద తనకే సిగ్గేసింది.

కూలి మానుకుని పొద్దుటినుంచి లెక్కింపు కేంద్రం గేటు బయటే నిలబడి ఉంది భాగ్యమ్మ. మాలతి ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

"ఇంకొక్క ఓటు దొరకకపాయె" అంది భాగ్యమ్మ.

"దొరకకపాయె."

"మరి మా కాలువ ఎట్లక్కా?"

"కాగితాలన్నీ నా దగ్గరున్నయి. రేణుకకు ఇస్త. నిన్ను గూడ తోలుకపోత."

"రేపు పోదమా?"

"రేపొద్దు భాగ్యా. రేపొక్కరోజు నన్ను పండుకోనియ్యి. ఎల్లుండి పోదం."

భాగ్యమ్మ తలూపి, వస్తున్న ఆటోకు చెయ్యెత్తింది.