మిర్చి ఘాటులో రెండు పెన్నులు

2009 ప్రాంతంలో గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసేదాన్ని. చేత్తో ఇంగ్లీషులో రాస్తే కంప్యూటర్లో టైపు అక్షరాలుగా మార్చే స్మార్ట్ పెన్నులు వచ్చాయని మా షావుకారుగారికి చెప్పింది నేనే.

హైదరాబాదు నుంచి సేల్స్ ఆయన రెండు రకాలు తెచ్చాడు. ఏది మేలో చూపిస్తానని రాయబోతే, ఎదురుగా మిర్చి బస్తాలు కోసి సరుకు చూస్తున్నారు. ఆయనకి తుమ్ము మీద తుమ్ము! రెండు పెన్నులూ పిచ్చి అక్షరాలే చూపించాయి.

"ఇదేనా అమ్మాయ్, నువ్వు చెప్పిన గొప్ప?" అన్నారు షావుకారుగారు. అందరిముందూ తల కొట్టేసినట్టయింది.

పెన్నులు లాక్కుని, ఆ ఘాటులోనే తాపీగా రాశాను. మొదటిది ఒక మాట తప్పుగా చూపించింది. రెండోది పొల్లుపోకుండా చూపించింది. షావుకారుగారు అదే కొన్నారు.

"మీకు తుమ్ము రాదాండీ?" అన్నాడు సేల్స్ ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

"మాది గుంటూరండీ" అన్నాను. ఊరి పేరు అంత గర్వంగా మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.