నాయనకు పెట్టిన పథ్యం

నా జీవితంలో అతి పెద్ద ప్రమాదం పెసరపప్పుతో జరిగింది. నవ్వండి, పరవాలేదు, కానీ చివరిదాకా వినండి.

తిరుపతిలో ఆయుర్వేద వంట తరగతికి నాలుగు రోజులు వెళ్లానో లేదో, వాతపిత్తకఫాలను నా కొంగునే కట్టుకున్నట్టు తిరిగాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వైద్యురాలు రుచెరగదు. సరిగ్గా అప్పుడే మామిడిచెట్టు మీంచి పడ్డ మా నాయన, విరిగిన కుడిచేతికి పుత్తూరులో కట్టు కట్టించుకుని మా ఇంటికొచ్చాడు. ఊరికి పోతే ఆ చేత్తోనే పార పట్టే మనిషి. కట్టు విప్పేదాకా ఎలాగైనా ఆయన్ని ఆపాలి.

తత్వం తెలుసుకోవడానికి తరగతిలో ఇచ్చిన ప్రశ్నల కాగితం తీశాను.

"నిద్ర బాగా పడతా ఉండాదా నాయనా?"

"చెయ్యి విరిగినోడికి నిద్ర యాడిది పాపా."

వాతం అని రాసుకున్నాను.

"ఆకలి?"

"బస్సులో కడుపంతా తిప్పేసినాది. ఇప్పుడేం వద్దు."

ఇదీ వాతమే. ఏమండీ, విరిగిన చేతిని అడిగి మనిషి తత్వం రాసుకున్న మహాజ్ఞానిని నేను.

ఆ పూట నుంచే చింతపండు, మిరపకాయ, సంగటి బంద్. మూడు పూటలా పెసరగంజి, నెయ్యి, చిటికెడు శొంఠి. నాయన ఎడమచేత్తో చెంచా పట్టుకుని తాగి, "అట్లా నడిచొస్తా" అని బయటికి పోయేవాడు. రోజురోజుకీ ముఖంలో కళ. నా వైద్యమేనని మురిసిపోయాను.

నాలుగోరోజుకు నా ప్రాణమే ఉసూరుమంది. ఆ గంజి నేనూ తాగుతున్నాను మరి. నాయన నడకకు పోగానే మెల్లగా వీధి చివర సంగటి బండి దగ్గరికి పోయాను. బెంచీ మీద నాయన, ఎడమచేత్తో ముద్ద తుంచి కోడిపులుసులో అద్దుతున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "నోరు తెరిచి అడగొచ్చు గదా నాయనా."

"నువ్వంత ఆశగా వండితే ఎట్లా అడిగేది? మొదటిరోజే ఊరికి పోదామనుకున్నా. ఈ బండి కనపడినాది, ఆగిపోయినా." బండాయన వైపు తిరిగి, "మా పాపకీ ఒక ముద్ద పెట్టప్పా. గంజి తాగి సిక్కిపోయినాది" అన్నాడు.

మర్నాడు సంగతి విని మా గురువుగారు తల పట్టుకున్నారు. "అలవాటైన తిండిని ఉన్నట్టుండి మాన్పించగూడదని తొలిరోజే చెప్పినా గదమ్మా. నువ్వు లేటుగా వచ్చినావు."

ఆ తర్వాత ఇంట్లోనే సంగటి కెలికాను. కట్టు విప్పేదాకా నాయన కదల్లేదు. పోయేరోజు మాత్రం పెసరగంజి ఎట్లా కాచాలో రాసిమ్మన్నాడు.

"నీకా నాయనా?" సంబరంగా అడిగాను.

"మీ చిన్నమామకి. మనింటికి వస్తే నెల్లాళ్లు కదలడు గదా."

అందుకే సకల దోషాల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకమీదట ఏ విరిగిన చేతినీ ప్రశ్నలడగను.