ఎర్త్ అందని కారు

లోకంలో ఏది చెడినా ఎర్త్ అందకే చెడుతుందని నమ్మే మనిషి ఒక్కడే పుట్టాడు, వాడు కాస్తా వదినగారికి మరిదై కూర్చున్నాడు. ఫ్యాను తిరగకపోతే ఎర్త్. పన్ను సలిపితే ఎర్త్. మేనకోడలూ మొగుడూ పోట్లాడుకుంటుంటే మధ్యలో దూరి, "మీకెక్కడో ఎర్త్ అందట్లేదమ్మా" అన్నాడు. ఆ ఇద్దరూ ఈయన్ని తిట్టడానికి ఒకటైపోయారు. వీధిలో పిల్లా పెద్దా ఆయన్ని ఎర్త్ బాబాయి అంటారు. అది బిరుదనుకుంటాడు మహానుభావుడు.

ఆయనకో కారుంది. వయసులో ఆయనకి చెల్లెలు, ఒంట్లో అమ్మమ్మ. లోపలి వైర్లన్నీ అతుకుల బొంత. పరుగెత్తినంతసేపూ బాగానే ఉంటుంది, నెమ్మదిస్తే ప్రాణం విడుస్తుంది. అదీ రోజూ పొద్దున్నే, సరిగ్గా వదినగారి గేటు ముందు.

"మళ్ళీ చచ్చిందా?"

"స్లోలో నిలవట్లేదు వదినా. ఎర్త్."

"ఇన్ని గేట్లుండగా దానికి నా గేటే దొరికిందా?"

"ఇక్కడ రోడ్డు పల్లం కదా."

"పల్లమేంటి నీ మొహం, మిట్ట."

"అదే, ఎక్కలేక ఆగింది."

బానెట్ ఎత్తడం, చెంబుడు నీళ్ళడగడం, నీళ్ళతోపాటు తిట్లూ టీ పుచ్చుకోవడం, పోతూ పోతూ ఓ వైరు కదిలించడం. కారు బుద్ధిగా కదిలేది.

వదినగారిది ఒంటి కాపురం, కుట్టుమిషను బతుకు, ఎవరికీ లొంగని నోరు. కిందటి వానల్లో స్నానాలగదిలో జారిపడి, మధ్యాహ్నం దాకా లేవలేకపోయింది. మా ఇంటికొచ్చెయ్ అంటే మా ఇంటికొచ్చెయ్ అని చుట్టాలంతా ఒకటే గోల. "ఈ ఇల్లు వదిలితే నా కాళ్ళు పడిపోయినట్టే. ఎలా ఉన్నావంటూ ఇంకొకరు గడప తొక్కితే చీపురు తిరగేస్తాను" అంది. అందరూ రావడం మానేశారు. ఈ కారొక్కటే సిగ్గూ శరం లేకుండా వచ్చి ఆగేది.

ఒకరోజు ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. ఎన్ని వైర్లు కదిపినా ఉలకదు, పలకదు. మరిది నడిచి వెళ్ళిపోతుంటే వదినగారు కేకేసింది.

"తాళంచెవి దానికే వదిలేశావేం?"

"దొంగ మాత్రం ఎంత దూరం తోసుకుపోతాడు వదినా, పాపం."

ఈ పీడ ఇవాళ్టితో వదలాలని ఆవిడ వీధి చివరి మెకానిక్కుని పిలిపించింది. అతను బానెట్లోకి తొంగిచూసి, "బ్యాటరీ ఎర్త్ వైరు వదులైందమ్మా" అన్నాడు. మరిది మాటే నిజమైందే అని వదినగారి మొహం మాడిపోయింది.

"మరి రోజూ స్లోలో ఆగుతుందే, అదేం రోగం?"

మెకానిక్కు డ్రైవరు సీటు కింద దూరి చాలాసేపటికి బయటికొచ్చాడు. "స్లోలో ఇంజనుకి పెట్రోలు అందించడానికో చిన్న బిళ్ళ ఉంటుందమ్మా. దానికి కరెంటు ఆపితే బండి ఆగిపోతుంది. ఆ వైరుని సీటు కిందకి లాగి ఇది పెట్టారు." టేబుల్ లైటుకుండే తెల్ల స్విచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "తీసేసి నేరుగా కలిపాను. ఇక ఆగమన్నా ఆగదు."

"అంటే అది చెడిపోవడం కాదా?"

"చెడిపోవడమేంటమ్మా, ఎంత శుభ్రంగా అమర్చారో. ఆయనే ఆపుకుంటున్నారు."

వదినగారు వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కాలు మాత్రం తొక్కుడుబల్ల మీదికి పోలేదు. సాయంత్రం మరిది వచ్చి కారు తీసుకుపోతుంటే, "వైరు బిగించాడట" అని ఊరుకుంది.

మర్నాడు కారు వచ్చింది. గేటు దగ్గర నెమ్మదించింది, ఆగలేదు. మరిది సీటు కింద చెయ్యి పెట్టి తడుముకుంటూ ముందుకెళ్ళిపోయాడు. వీధి చివర తిప్పుకొచ్చాడు. కారు కొత్తకోడలిలా వినయంగా నడుస్తూనే ఉంది. మళ్ళీ తిప్పాడు. కిటికీలోంచి చూస్తున్న వదినగారు నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

చివరికి ఎలాగో ఆగింది. మరిది దిగి, చెమట తుడుచుకుని, బానెట్ ఎత్తాడు. కారు తాళంచెవి ఆయన వేలికే వేలాడుతోంది.

"ఏమైంది?" అంది వదినగారు గేటు తీస్తూ.

"అదే వదినా... అదీ..." పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయనకి ఆ మాట నోటికి రాలేదు.

ఆవిడ తాళంచెవిని చూసింది, మరిది మొహం చూసింది.

"ఎర్త్ అయి ఉంటుంది. తాళంచెవి జేబులో వేసుకో, ఇంజనులో పడేను. లోపలికి రా, టీ పెడతాను."

ఆయన లోపల టీ ఊదుకుంటుండగా వదినగారు మెకానిక్కుకి కబురంపి, అతను రాగానే తెల్ల స్విచ్చి తీసి ఇచ్చింది.

"ఎక్కడిది అక్కడ బిగించెయ్."

"బండి మళ్ళీ ఇక్కడే ఆగుతుందమ్మా."

"ఆగక ఏం చేస్తుంది? రోడ్డు మిట్ట."