పంటు మీద నిఖా

మా అమ్మాయి బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసేది. ఒక సాయంత్రం చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "అమ్మా, నా పెళ్ళి మన ఊళ్ళో వద్దు. వాళ్ళ ఊళ్ళోనూ వద్దు," అంది.

బందరు సంబంధం ఖాయమై పదిహేను రోజులే అయింది.

"మరెక్కడే?"

"ఎక్కడికన్నా వెళ్ళి చేసుకుందాం. డెస్టినేషన్ వెడ్డింగ్ అంటారు. మా ఆఫీసులో ఒకమ్మాయి గోవాలో చేసుకుంది. అందరూ బట్టలు సర్దుకుని వెళ్ళారు, పెళ్ళి చేశారు, వచ్చేశారు."

మా ఆయన పరుపు మీద బోర్లా వంగి కుడుతున్నాడు. దబ్బనం ఆపకుండానే, "బట్టలు సర్దుకుని ఆస్పత్రికి కూడా వెళ్తారు," అన్నాడు.

మాది పరుపులు కుట్టే ఇల్లు. ముందు కొట్టు, వెనక కాపురం. బూరుగు దూది మా అన్నంలోనూ, తలలోనూ, అమ్మాయి ఆఫీసు ఫైళ్ళలోనూ ఉండేది. పెళ్ళిళ్ళ సీజనులో మా ఆయనకి తల ఎత్తే తీరిక ఉండదు. అందుకని, బందరుకి ఫోను చేసి వియ్యపురాలిని అడిగాక (ఆవిడ "మీ ఇష్టం వదినగారూ, అన్నం పెట్టేది మీరు, చోటు చెప్పేది కూడా మీరే" అని నవ్వింది), ఆయన నా వైపు తిరిగి, "చోటు నువ్వే చూడు. నువ్వు చూసి సరేనంటే నేను చూసినట్టే," అన్నాడు. ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో ఆయన నాకిచ్చిన మొదటి ఉద్యోగం అది. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

అందరూ నేను గాలీ వెలుతురూ, వంటశాలా, బస్సులాగే చోటూ చూస్తాననుకున్నారు. నాకు కావలసింది ఒక్కటే. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

నా నిఖా రోజున నేను వెనక గదిలో కూర్చున్నాను. గోడకవతల ఏం జరుగుతోందో తెలియదు. ముగ్గురు మగవాళ్ళు తలుపు దాకా వచ్చి ఒప్పుకున్నావా అని అడిగారు. మా అమ్మ వెనకనుంచి నా తల వంచింది. నిఖా పుస్తకం లోపలికొచ్చింది. ఎవరో నా వేలు పట్టుకుని సిరాలో అద్ది నొక్కారు. పుస్తకం బయటికి పోయింది. కాసేపటికి ఖర్జూరాలు వచ్చాయి. ఖర్జూరాలు వచ్చాయి కాబట్టి పెళ్ళయిపోయిందని తెలుసుకున్నాను.

నాకు అక్షరాలు నలభై దగ్గరపడ్డాక వచ్చాయి. తొంభైల మొదట్లో మా వీధిలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళని కూర్చోబెట్టి పలక పట్టించేవారు. అప్పుడు మా అమ్మాయి రెండో తరగతి. చాలా ఆలస్యంగా పుట్టిన ఒక్కతే పిల్ల కదా, గారం ఎక్కువ. నా పలక లాక్కుని తప్పులకి సున్నాలు చుట్టి, పక్కన సరైన అక్షరం దిద్దిపెట్టేది. బయట నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట సిటీ బస్సులో, సీట్ల పైన రాసి ఉన్న "స్త్రీలకు". ఆ కింద ఒక మీసాలాయన కూర్చుని ఉన్నాడు. "చదువుకోండి," అని వేలు చూపించాను. లేచాడు! చదువుకి ఇంత బలముందా అని బందరు రోడ్డు పొడుగునా నవ్వుకున్నాను.

తర్వాత అదే మాటని ఫంక్షన్ హాళ్ళలో చూశాను. బస్సులో నన్ను ముందుకి తెచ్చిన మాట అక్కడ బాణం గుర్తు పెట్టుకుని మెట్ల వెనక్కీ, మేడ మీదికీ పంపించేది. ఏ నిఖాకి వెళ్ళినా అంతే. కిందనుంచి మైకులో గొంతులు వినిపిస్తాయి, పైన మేం చీరలు చూసుకుంటాం.

మా అమ్మాయి సంతకం పెడుతుంటే నేను చూడాలి. పలక మీద నా చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. నాకు కావలసింది అదే. పైకి చెబితే అది పెద్దవాళ్ళ దాకా వెళ్తుంది, వాళ్ళు ఆలోచిస్తామంటారు, ఆలోచిస్తూ ఉండగా పెళ్ళయిపోతుంది. అందుకని నోరు మూసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని చోట్లు చూడ్డానికి బయలుదేరాను.

మొదట ఉయ్యూరు దాటాక చెరుకు తోటల మధ్య ఒక గెస్టుహౌసు. పూలకుండీలు, ఊయల, బాతులు. చూపించడానికి వచ్చిన మేనేజరు మహా మర్యాదస్తుడు.

"ఆడవాళ్ళకి వెనకాల వేరే హాలండి. ఏసీ అండి. గోడకి టీవీ పెట్టామండి. ఇక్కడ జరిగేదంతా అక్కడ టీవీలో కనబడుద్దండి."

"గోడకవతల జరిగే పెళ్ళిని టీవీలో చూడ్డానికి ఉయ్యూరు దాకా రావాలా నాయనా?" అన్నాను.

"రంగుల టీవీ అండి," అన్నాడాయన, పాపం.

బయటికొచ్చాక, చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన వస్తోంది, వద్దులే అన్నాను. "అమ్మా, బస్సు ఉయ్యూరు రాగానే ఆ వాసన కోసం కిటికీ తీసేది నువ్వే కదా!" అంది అమ్మాయి. వినిపించనట్టు బాతుల వైపు చూశాను.

గుణదలలో కొండకింద ఒక హాలు చూశాం. మేమనుకున్న రోజులు సరిగ్గా మేరీమాత ఉత్సవాల రోజులు. "ఆ మూడ్రోజులూ ఇక్కడ చీమకి కూడా దారుండదమ్మా, మీ పెళ్ళికొడుకు కొండెక్కి దిగాల్సిందే," అన్నాడు వాచ్‌మన్. అబద్ధం ఆడే పని లేకుండా ఒక చోటు తప్పిపోయిందని నాకు లోపల సంతోషం.

మూడోది బందరు సముద్రం. అక్కడికి వియ్యపురాలు కూడా వచ్చింది. షామియానా వేసేవాడు ఇసుకలో నాలుగు గుంజలు పాతి, "ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు, మధ్యలో అడ్డం," అంటూ ఒక గుడ్డ కట్టి చూపించాడు. సముద్రం నుంచి ఒక్క గాలి వచ్చింది. గుడ్డ గుంజతో సహా లేచిపోయింది. నలుగురు మగవాళ్ళు దాని వెనక పరుగు. పట్టుకున్నారనుకునేసరికి మళ్ళీ లేచేది. నేను ఇసుకలో కూలబడి పక్కటెముకలు పట్టుకుని నవ్వాను. వియ్యపురాలు కూడా నా పక్కనే కూలబడి నవ్వింది. అలా నవ్వే మనిషి ఇంటికి పిల్లనిస్తున్నందుకు నాకు ఆ క్షణమే ధైర్యం వచ్చింది.

"ఇక్కడే చేద్దాం వదినగారూ," అన్నాను.

"వద్దమ్మా తల్లీ. బిర్యానీలో ఇసుక పడిందంటే మావాళ్ళు మూడు తరాలు చెప్పుకుంటారు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మాయి మొహం మాడ్చుకుంది. "అన్నీ బాగానే ఉన్నాయి. నువ్వే అన్నిటికీ వంకలు పెడుతున్నావు. అసలు నీకేం కావాలమ్మా?"

అప్పుడు చెప్పాను. వెనక గది, సిరా, ఖర్జూరాలు, అన్నీ. పామర్రు దగ్గర అది నా చెయ్యి లాక్కుని, "సంతకం పెట్టే టైముకి నువ్వు కనపడకపోతే నేను పెన్ను పట్టుకోను," అంది.

"అలా అనకే, ఖాజీగారు పారిపోతారు."

"పారిపోలేని చోటు చూద్దాం," అంది.

ఆ చోటు మాకు పరుపుల వల్ల దొరికింది. అవనిగడ్డ దిగువన, ఏటికి అవతల ఒక ఊళ్ళో పెళ్ళివారికి పన్నెండు పరుపులు ఇచ్చి రావాలి. మా ఆయనతో పాటు మేమిద్దరం కూడా వ్యాను ఎక్కాం. రేవులో వ్యానుని పంటు మీదికి ఎక్కించారు. పంటు అంటే రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను పెట్టినది. దానికి గోడ లేదు, గది లేదు, మేడ లేదు. మా వ్యాను, రెండు మోటారు సైకిళ్ళు, ఒక గేదె, తట్టలతో ఆడవాళ్ళు, బీడీలు కాల్చే మగవాళ్ళు, అందరూ ఒకే బల్లల మీద నిలబడ్డారు. గేదె నా భుజం మీదుగా ఏటిని చూస్తోంది. నిండుగా నీళ్ళు, ఎండలో మిలమిల.

నేను అమ్మాయి వైపు చూశాను. అది అప్పటికే నా వైపు చూస్తోంది.

"ఇక్కడే!" అన్నాం ఇద్దరం.

పంటు నడిపే సరంగు ఇంజను మోతలో సగమే విన్నాడు. "పెళ్ళా? పంటు మీదా? గేదెలెక్కినాయి, ట్రాక్టర్లెక్కినాయి. పెళ్ళికూతురు ఎక్కడం ఇదే మొదలండి. గేదెకైతే మెడకి తాడు కడతాం, పెళ్ళికూతురికి ఎక్కడ కట్టమంటారు?"

"మునిగితే ఎట్లాగయ్యా?" అన్నాడు మా ఆయన, మమ్మల్ని భయపెట్టడానికి.

"మీరు పరుపులోళ్ళు గదండీ. బూరుగు దూది మునగదు. తలా ఒకటి పట్టుకోండి."

మా ఆయనకి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. పంటు అంతా పరవడానికి కొత్త పరుపులు తనే కుడతానన్నాడు.

పెళ్ళిరోజు మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక పంటు బయలుదేరింది. తెల్లటి పరుపులు, బాలీసులు, బంతిపూలు, చివర్న రెండు బిర్యానీ దేగిసాలు. అంతా నేననుకున్నట్టే ఉంది. అప్పుడు పెళ్ళికొడుకు పెదనాన్నగారు సంచీ తీశారు. అందులోంచి బందరు అద్దకపు దుప్పటి ఒకటి బయటికొచ్చింది.

"ఆడవాళ్ళు వెనక, మగవాళ్ళు ముందు. మధ్యలో ఇది కడదాం. పద్ధతి అంటూ ఒకటుంది గదా," అన్నారు.

ఎదురు చెప్పే వయసు కాదు ఆయనది. రెండు గుంజలకి తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. మామిడిపిందెలు, నెమళ్ళు, ఎంత అందంగా ఉందో నాకు అంత కోపం వచ్చింది. ఏటి నడిమధ్యకి వచ్చి కూడా నేను వెనక గదిలోనే ఉన్నాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. దాని గోరింటాకు చెయ్యి చల్లగా ఉంది.

అప్పుడు కింద కర్రున శబ్దం వచ్చి పంటు ఆగిపోయింది.

మేం బ్యారేజీ పక్కన బతికినవాళ్ళం. మా కృష్ణ గేట్లెత్తితే వస్తుంది, దించితే ఆగుతుంది. కింద, సముద్రం దగ్గర, రోజుకి రెండుసార్లు ఆటూ పోటూ ఉంటాయని మాకెవరికీ తట్టలేదు. మేం చోటు చూసుకున్న రోజు ఏరు పోటు మీదుంది. పెళ్ళి టైముకి నీళ్ళు తీసేశాయి. బందరువాళ్ళకి తెలుసు, కానీ మేం అడిగే ఉంటామనుకున్నారు.

"ముందే చెప్పాలి కదయ్యా!" అన్నాడు మా ఆయన.

"మీరు పెళ్ళి టైము చెప్పారండి. ఏటి టైము నన్నడగలేదు," అన్నాడు సరంగు. గెడ వేసి లోతు చూశాడు. "ముందు భాగం ఇసక మేటెక్కింది. ముందు బరువు తగ్గాలి. మగాళ్ళంతా ఎనక్కి రండి!"

"వెనక ఆడవాళ్ళున్నారు," అన్నారు పెదనాన్నగారు.

"ఉండనీండి బాబూ. వాళ్ళ బరువు చాలట్లేదు!"

ఆడవాళ్ళలో నవ్వు లేచింది. "ఇది నాతో ఎవరన్నా ఇరవై ఏళ్ళ కిందట అనుంటే బాగుండేది," అంది వియ్యపురాలు. దుప్పటి పక్కకి తొలిగింది. ఒక్కొక్క మగవాడే తలవంచుకుని, పరుపుల మీద తూలుతూ మా మధ్యకి వచ్చాడు. పెళ్ళికొడుకు వచ్చాడు, మా ఆయన వచ్చాడు, చివరికి పుస్తకం గుండెకి హత్తుకుని ఖాజీగారు వచ్చారు. కూర్చోడానికి చోటు నా పక్కనే మిగిలింది. పంటు మాత్రం కదల్లేదు.

"ఇంక పోటు రావాల్సిందేనండి. రెండు గంటలు," అన్నాడు సరంగు.

ఖాజీగారికి సాయంత్రం ఇంకో నిఖా ఉంది. "సరే, ఇక్కడే కానిద్దాం," అని పుస్తకం తెరిచి, ఆగిపోయారు. "అయితే ఒక్క మాట. నాకు అధికారం కృష్ణా జిల్లాలోనే. మనం ఏటి మధ్య దాటామా? అటు పక్కన ఉంటే ఈ నిఖా నేను చదవకూడదు."

ఒడ్లు రెండూ సమానంగా దూరంగా కనిపిస్తున్నాయి. అందరం సరంగు వైపు తిరిగాం.

"ఈ మేటా?" అన్నాడు సరంగు. "మనదేనండి. వేసంగిలో ఇక్కడ పుచ్చకాయలు పెట్టేది మా వదిన. శిస్తు ఇటే కడతది."

"అల్హమ్దులిల్లా," అన్నారు ఖాజీగారు.

పెదనాన్నగారు దుప్పటిని మళ్ళీ కట్టడానికి చోటు వెతుకుతున్నారు. వియ్యపురాలు దాన్ని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుని, "రెండు గంటలట బావగారూ, బిర్యానీ చల్లారిపోతుంది," అంటూ నాలుగు మడతలు పెట్టి దేగిసా మీద కప్పేసింది. బిర్యానీ మాట వచ్చాక ఆయన కూడా ఒక బాలీసు లాక్కుని కూర్చున్నారు.

ఒప్పుదల అడగడానికి వచ్చే వకీలుకీ, సాక్షులకీ తలుపు దాకా నడిచే పని లేకపోయింది. కూర్చున్నచోటే మెడ తిప్పారు. అమ్మాయి ఒప్పుకున్నానంది. ఎవరూ తల వంచలేదు, దానంతటదే పైకెత్తి చెప్పింది. ఖాజీగారు పుస్తకం ఇటు తిప్పారు. అందులో ఉర్దూ వరసలు నాకు రావు. అమ్మాయి పెన్ను తీసుకుని నా వైపు చూసింది. నేనెంత దగ్గరున్నానంటే నా గాజులు దాని మోచేతికి తగులుతున్నాయి.

తెలుగులో పెట్టింది సంతకం. నిదానంగా, విడివిడిగా, పలక మీద నాకు దిద్దిపెట్టినప్పటిలాగా. ఒక్కో అక్షరాన్నీ నేను పెదాలతో చదివాను. ఆఖరి అక్షరానికి పైకే చదివేశానేమో, ఖాజీగారు "సరిగ్గా ఉందా అమ్మా?" అన్నారు.

"సరిగ్గా ఉందండీ," అన్నాను.

ఖర్జూరాలు పంచుతుండగా పరుపుల కింద బల్లలు కొంచెం ఊగాయి. పోటు మొదలైంది. పళ్ళెం నా దాకా వచ్చేసరికి పెళ్ళయిపోయిందని నాకు ఎప్పుడో తెలుసు. అయినా రెండు ఖర్జూరాలు తీసుకున్నాను, అప్పటిదీ ఇప్పటిదీ కలిపి.