ఇంటర్వెల్ తన్నులు

కోయిలకుంట్లలో మా నాయన సినిమా హాల్లో ఒకాయన సోడాలు అమ్మేవాడు. చిన్నప్పుడు నాకు ప్రాణమైన సినిమాలో హీరో నౌకరును తంతాడు. ఇంటర్వెల్ కాగానే ఆ సీను నేను సోడాలాయన మీద ఆడేవాణ్ని. వెనక నుంచి తన్నితే సిమెంటు నేల మీద బోర్లా పడేవాడు. లేచి, మోకాళ్లు దులుపుకొని, ముందు మా నాయన వైపు చూసి, తర్వాత నవ్వేవాడు.

“శానా బాగా తన్నినావు చిన్నరెడ్డీ, అచ్చం హీరో మాదిరే!” అనేవాడు. నేను మళ్లీ తన్నేవాణ్ని.

మొన్న కల్లూరులో మా ఇంట్లో ఆ సినిమా మా పాపకు పెట్టి చూపించాను. హీరో తన్నింది ఒకే ఒక్కసారి. నౌకరు లేచాడు గానీ నవ్వలేదు.

“ఇంతేనా నాయనా? శానా నవ్వొస్తాదంటివే!” అంది పాప.

నాకూ చప్పగానే ఉంది. సోడాలాయనే బాగా పడేవాడు.