నేను చదవని మూడు పేజీలు

మార్చి నడుమ మొదలయ్యే అరవ నెల పంగునిలో మొదటి శుక్రవారం, పొద్దున పదకొండుంపావు. తొమ్మిదేళ్లయింది. ఆ గంట నా గుండెల మీద రాయిలా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయన పోయేదాకా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

నేను మదురైలో ఒక కాలేజీలో ఊడ్చే పని చేశాను. మా కాలనీలో ఇళ్లలో తెలుగు, బడిలో అరవం. నేను ఏ బడికీ పోలేదు. యాభై దాటాక మా పాస్టరుగారి భార్య దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఆదివారం చర్చిలో నిలబడి బైబిలు చదివేదాన్ని. అందరూ మెచ్చుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ వాక్యాలు చిన్నప్పటి నుంచీ విని విని నాకు నోటికి వచ్చు. వేలు అక్షరాల మీద నడిచేది, నోరు జ్ఞాపకం మీద నడిచేది. అది చదవడమేనా? అప్పట్లో నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

ఆ కాలేజీలో జగన్నాథం సారు తెలుగు చెప్పేవారు. ఆయన దగ్గర భాగ్యం అనే పిల్ల చదివేది. ఆండిపట్టి దగ్గర రైతుల ఇంటి పిల్ల, పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఇంగ్లీషు పుస్తకాలైతే కంప్యూటరే పైకి చదివి వినిపించేదట. పాత తెలుగు పుస్తకాన్ని మాత్రం అది తునకలు తునకలుగా చదివేదట, ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. మనిషి గొంతు కావలసి వచ్చింది. నేను చర్చిలో చదువుతానని సారుకు ఎవరో చెప్పారు. ఆయన నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. పద్దెనిమిదేళ్లు ఆ కుర్చీల కింద ఊడ్చాను. కూర్చోవడం అదే మొదలు.

ఎలా చదవాలో ఆయనే నేర్పారు. ప్రతి పేజీకి ముందు నంబరు చెప్పాలి. బొమ్మ ఉంటే అందులో ఏముందో చెప్పాలి. ఫ్యాను ఆపేయాలి, లేకపోతే దాని మోత కూడా రికార్డవుతుంది. ఎక్కడైనా చదవలేకపోతే "ఇక్కడ నాకు చదవడం రాలేదు" అని చెప్పి ముందుకు పోవాలి, ఆ ముక్క ఆయన చదివి అతికిస్తారు. అంత సులువైన మాట.

పుస్తకంలో బావి తవ్వేవాడి కథ ఒకటి ఉంది. ముందు పేజీలు ఇంట్లో కూడబలుక్కుని, మర్నాడు వచ్చి చెమటలు కారుతుండగా చదివాను. చివరి మూడు పేజీలు నా వల్ల కాలేదు. ఒక్కో మాట చీపురు కట్టంత పొడుగు, ఎక్కడ విరవాలో తెలియలేదు. ఆ సాయంత్రానికి రికార్డు ఇవ్వాలి. రాలేదని చెప్పవచ్చు. మూడు పేజీలకు మూడుసార్లు చెప్పాలి. చెబితే ఆ కుర్చీ మళ్లీ ఇస్తారా? ఆ ఒక్క ఆలోచనే. సిగ్గూ గర్వమూ కలిసి నా నోరు నొక్కేశాయని ఇప్పుడు చెప్పుకోగలను గాని, ఆ పూట నేను చేసిన పని ఇది: నలభై ఒకటో పేజీ అని నంబరు చెప్పి, పుస్తకం మూసి, కథ నా సొంతంగా చెప్పాను. మా నాయన బావులు తవ్వినవాడు. ఆయన చెప్పేవన్నీ గుర్తు చేసుకుని, ఆఖరి గడ్డపార పోటుకు నీళ్లు పడినట్టు, ఊరంతా బిందెలతో వచ్చినట్టు చెప్పాను. నలభై రెండు, నలభై మూడు అని మధ్యలో నంబర్లు కూడా చెప్పాను.

పరీక్షలో ఆ కథ మీదే ప్రశ్న వచ్చింది. భాగ్యం చెబితే ఇంకొకరు రాశారు. ఆ శుక్రవారం సారు మమ్మల్ని పిలిచారు. కూతురిని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన వాళ్లమ్మ రంగమ్మ కూడా ఉంది.

"నీళ్లెక్కడ పడ్డాయి భాగ్యం? కథలో నీళ్లే పడవు. వాడు గడ్డపార అక్కడే వదిలి ఊరు విడిచిపోతాడు. వినకుండానే రాయించేశావా?"

"వింటిని సార్. రెండు తూర్లు వింటిని."

సారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, మీరు పుస్తకంలో ఉన్నదే చదివారు కదా?"

"ఉండేది ఉన్నట్టే చదివితిని సార్. ఒక్క అక్షరం విడవలేదు."

రంగమ్మ కూతురి భుజం మీద తట్టింది. "కన్ను లేకపోతే పోనీ, చెవన్నా ఉండాదనుకొంటిని. అదీ పోయెనా? ఇంట్లో ఉండవే అంటే వింటివా నువ్వు?"

భాగ్యం ముఖం నా వైపు తిప్పింది. నా ఊపిరి వినబడే చోటికి. "నేనే తప్పుగా వింటినేమో సార్. అవ్వ సరిగ్గానే చదివింది."

సారు ఆ రికార్డు తెరిచి ఉంటే అయిపోయేది. తెరవలేదు. నన్ను నమ్మారు. ఆ జవాబుకు సున్నా వేశారు.

వాళ్లు వెళ్తుంటే నేను వరండాలో చీపురు పట్టుకుని నిలబడ్డాను. భాగ్యం నా దగ్గర ఆగింది. "అవ్వా, నీళ్లు పడింది బాగుండె" అంది మెల్లగా. ఎత్తిపొడుపా? జాలా? నిజంగానే బాగుందా? ఎన్ని పొద్దులు ఒంటరిగా కూర్చుని ఆ గొంతును తిప్పి తిప్పి విన్నానో లెక్క లేదు.

సెలవుల తర్వాత ఆ పిల్ల కాలేజీకి రాలేదు. మార్కులు పోయినందుకా, తల్లి వద్దన్నందుకా, ఇంకేదైనానా? నా వల్లేనని ఎవరూ అనలేదు. నా వల్ల కాదని చెప్పడానికి కూడా ఎవరూ లేరు. ఆండిపట్టికి రెండు గంటల బస్సు. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు.

తర్వాత నిజంగా చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ మూడు పేజీలు ఆగకుండా చదవగలను. నీళ్లు పడవు.

నా గొంతు ఆ కాలేజీ కంప్యూటర్లో ఇంకా ఉండవచ్చు. చూపు లేని పిల్లలు ఇంకెందరు దాన్ని పాఠమనుకుని వింటున్నారో. మీరు అలాంటి పిల్లలకు పాఠాలు తయారుచేసేవారైతే, చదివి ఇచ్చినవాళ్ల మాట నమ్మి ఊరుకోకండి. పుస్తకం చేతిలో పట్టుకుని ఒకసారి వినండి.

నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. ఇక్కడ నాకు చదవడం రాలేదు.

ఇది చెప్పినంత మాత్రాన ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది జగన్నాథం సారు, రంగమ్మ, నిలబడి భాగ్యం, కుర్చీలో కూర్చుని నేను.